చేతులు కాలక ముందే

తెలుగువాడి నోట చెయ్యి ఆడకుండా మాట సాగదు. పనిలో ఆరితేరినవాడు చెయ్యి తిరిగినవాడు. మాటిచ్చి ఎగ్గొట్టినవాడు చెయ్యిచ్చినవాడు. ఎదిగి సంపాదనలో పడ్డ కొడుకు చేతికి అందివచ్చినవాడు. దొంగకు చేతివాటం ఉంటుంది, వైద్యుడికి హస్తవాసి ఉంటుంది. జబ్బు ముదిరి తనవల్ల కాదని తేలినప్పుడు ఆ వైద్యుడే చేతులెత్తేస్తాడు. ఇక సమయం మించిపోయాక హడావుడి పడేవాణ్ణి చూసి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని నవ్వుకుంటాం.

ఈ చివరి సామెతను పుట్టించిన ఇల్లాలెవరో గాని (ఇల్లాలే అయివుంటుంది లెండి, పొయ్యిమీది కుండ దించే బాధ మగవాడికేం తెలుసు!) ఆవిడ ఒక సంగతి ఊహించి ఉండదు. చెయ్యి కాలినా కాలినట్టు తెలియని మనుషులు కూడా ఉంటారు. వాళ్ళకు కుండ వేడి తెలియదు, చాయ్ గ్లాసు వేడి తెలియదు. వేళ్ళ మధ్య బీడీ చివరిదాకా కాలి చర్మం కమిలినా, పక్కనున్నవాడు చూసి చెప్పాలి. అలాంటివాళ్ళు ఆకులు ఎప్పుడు పట్టుకోవాలి?

వెన్ను విరిగి, కాళ్ళు పడిపోయి, చేతుల బలం మీదనే సంసారం లాక్కొస్తున్న మనిషికి పదేళ్ళో పదిహేనేళ్ళో గడిచాక ఆ చేతుల్లోనే కొత్తగా తిమ్మిరి, మొద్దుబారడం మొదలైతే దానికి అర్థమేమిటి? వైద్యశాస్త్రం ఈ ప్రశ్న దాకా రావడానికే వేల ఏళ్ళు పట్టింది. జవాబు దొరికింది గాని, ఆ జవాబు కావలసినవాళ్ళలో చాలామంది గడపదాకా ఇంకా రాలేదు. అందుకని ఈ నాలుగు మాటలు.

మాది నేరేడుచర్ల. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్, కోదాడ వైపు వెళ్ళే దారిలో తగులుతుంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా. చుట్టూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరిపొలాలు, రైసుమిల్లులు. ఊరి పేరులోనే నేరేడు ఉంది. నేరేడుకొమ్మ పెళుసు. పైకి నిండుగా ఆకులతో కనిపిస్తుంది, కాలు మోపితే ఫెళ్ళున విరుగుతుంది. అందుకే పెద్దవాళ్ళు పిల్లల్ని ఆ చెట్టెక్కనివ్వరు. అయితే మా వైపు మనుషుల నడుములు విరగ్గొట్టడంలో నేరేడుకంటే పెద్ద పేరున్నది తాడిచెట్టుకు.

తాడిచెట్టుకు కొమ్మలుండవు. మనిషికీ నేలకూ మధ్య ఉండేది నడుముకు చుట్టిన మోకు, కాళ్ళకు తగిలించిన బందం, ఆ మనిషి నేర్పు. ఇరవై మీటర్ల ఎత్తు చెట్టయినా సరే, పొద్దునా సాయంత్రం ఎక్కి, గెల గీసి, లొట్టి దించుకు రావాలి. ఒక్క చెట్టు కాదు, రోజుకు ఎన్నో చెట్లు. వానాకాలం మాను తడిసి జారుతుంది. మోకు పాతబడి ఏ పురి ఎప్పుడు తెగుతుందో తెలియదు. పైన తేనెటీగలు లేస్తే రెండు చేతులూ చెట్టుకే అంటిపెట్టుకుని ఉండాలి. గీతకార్మికుల వాడలో చెట్టుమీదినుంచి పడ్డ మనిషి పేరు అడిగితే, ఒక్క పేరుతో సరిపెట్టే ఊరు అరుదు.

కల్లుకు చరిత్ర పుస్తకాల్లో చోటు బాగానే దొరికింది. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న మొగలులనూ గోల్కొండ సుబేదారులనూ ముప్పుతిప్పలు పెట్టి, 1708లో ఓరుగల్లు మీద పడి, 1710లో ప్రాణాలిచ్చాడు. ఆ తరువాత నిజాం సర్కారుకు ఆబ్కారీ పెద్ద రాబడి అయింది. చెట్టుకు పన్ను, చెట్టుకు లెక్క. అంతా చెట్టు లెక్కే గాని, చెట్టుమీదినుంచి పడి మంచంలో ఉన్న మనిషిని లెక్కపెట్టిన పద్దు నా కంటబడలేదు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీతన్నల దేవుడు కాటమయ్య పేరుమీద రక్షణ పరికరాలివ్వడం మొదలుపెట్టింది. మోకు జారినా మనిషిని చెట్టుకు పట్టి ఉంచే సాధనాలవి. ఆలస్యమైనా మంచి పని. కాని అంతకుముందు పడ్డవాళ్ళ సంగతి? వాళ్ళ కథ పడ్డ రోజుతో అయిపోయిందని అందరం అనుకుంటాం. అక్కడే పొరపాటు.

ఆ కథ అర్థం కావాలంటే వెన్ను లోపలి సంగతి కాస్త చెప్పుకోవాలి. విసుక్కోకండి, పాఠం చెప్పను. వెన్నుపూసల దండ మధ్యలో ఒక సన్నని గొట్టం లాంటి దారి ఉంది. అందులో వెన్నుపాము వేలాడుతూ ఉంటుంది. నిడివి సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెనవేలంత. మెదడు నుంచి కాళ్ళకూ చేతులకూ పోయే ఆజ్ఞలు, అక్కడినుంచి వచ్చే నొప్పి, వేడి, స్పర్శ కబుర్లు అన్నీ ఆ చిటికెనవేలంత దారిలోనే నడవాలి. చేతులకు పోయే నరాలు మెడ దగ్గర బయటికి వస్తాయి. కాళ్ళవి ఇంకా కిందినుంచి వస్తాయి. అందువల్ల నడుము దగ్గర దెబ్బ తగిలితే కాళ్ళు పోతాయి గాని చేతులకు ఢోకా లేదు. మెడ దగ్గర తగిలితే నాలుగూ పోవచ్చు. ఇది గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

వెన్ను విరిగినవాడి గురించి మనకు దొరికిన మొదటి రాత ఈజిప్టుది. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ 1862లో లక్సర్‌లో ఒక పాత పపైరస్ చుట్ట కొన్నాడు. దాని వయసు మూడున్నరవేల ఏళ్ళ పైమాటే. అందులో ఏముందో లోకానికి పూర్తిగా తెలిసింది 1930లో, బ్రెస్టెడ్ అనే పండితుడు అనువాదం అచ్చువేసినప్పుడు. గాయాల గురించి 48 కేసులు వరుసగా రాసి ఉన్నాయి. మెడపూస తప్పి కాళ్ళూ చేతులూ తనవి కానట్టయిపోయిన మనిషి కేసు కూడా ఒకటి ఉంది. లక్షణాలన్నీ చక్కగా రాసిన ఆ వైద్యుడు, చివరికి దీనికి చికిత్స లేదని తేల్చేశాడు. చేతులెత్తేశాడన్నమాట. అయితే అబద్ధం చెప్పి డబ్బు గుంజలేదు. అందుకైనా ఆయనకు నమస్కారం చెయ్యాలి.

ఆ తీర్పు మూడువేల ఏళ్ళకు పైగా చెల్లింది. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుకు తూటా తగిలిన సిపాయిల్లో ఎక్కువమంది వారాల్లోనే పోయారు. చంపింది తూటా కాదు. కదలకుండా పడుకోబెట్టడంవల్ల వీపుమీద పుండ్లు, మూత్రం నిలిచిపోయి కిడ్నీలకు చీము, వాటితో జ్వరం. మన పల్లెల్లో మొన్నమొన్నటిదాకా జరిగింది ఇదే. చెట్టుమీదినుంచి పడ్డవాణ్ణి నలుగురు కాళ్ళూ చేతులూ పట్టి లేపి, ఎడ్లబండిలో వేసి తీసుకుపోవడం, ఆ లేపడంలోనే మిగిలిన వెన్ను కాస్తా తెగడం, తరువాత మంచంలో ఆరునెలలు, ఆ తరువాత ఏడుపులు.

ఈ తీర్పును తిరగరాసినాయన లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీ యూదుడు. హిట్లర్ బాధ పడలేక 1939లో ఇంగ్లండు చేరాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ అనే చోట వెన్నుదెబ్బ తిన్న సిపాయిలకోసం ఒక వార్డు తెరిచాడు. ఆయన చేసిన మహత్కార్యం వింటే ఇంతేనా అనిపిస్తుంది: రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పించాడు, రాత్రీ పగలూ. మూత్రం శుభ్రంగా తీయించాడు. తరువాత మంచంమీదినుంచి లేపి, చేతికి పని ఇచ్చాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మంది చేత చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి విల్లుబాణాల పోటీ పెట్టించాడు. ఇవాళ్టి పారాలింపిక్స్‌కు అదే పునాది. వెన్ను విరిగినవాడు చావనక్కరలేదు, బతకొచ్చు, అదీ చేతుల మీద బతకొచ్చు అని లోకానికి రుజువైంది.

మన దగ్గర ఈ వెలుగు రాయవెల్లూరులో మొదట వెలిగింది. తెలుగువాళ్ళకు రాయవెల్లూరు ఆసుపత్రి కొత్త కాదు, రోగం ముదిరితే రైలెక్కేది అక్కడికే. ఆ ఆసుపత్రిలోనే డాక్టర్ మేరీ వర్గీస్ అని ఒక మలయాళీ యువతి ఉండేది. 1954 జనవరిలో బండి ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. ఇంకొకరయితే మంచానికే పరిమితమయ్యేవారు. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠువల్ల వేళ్ళు వంకరపోయినవాళ్ళ చేతులకు ఆపరేషన్లు చేసింది. అప్పటికి అక్కడ డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ చేతుల శస్త్రచికిత్సలకు దారివేసి ఉన్నాడు. తరువాత ఆవిడ అమెరికా వెళ్ళి చదువుకొచ్చి, వెన్నుదెబ్బ తిన్నవాళ్ళకు మళ్ళీ బతుకు నేర్పే విభాగాన్ని నిలబెట్టింది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో కన్నుమూసింది. కాళ్ళు లేని డాక్టరు స్పర్శ లేని చేతులను బాగుచెయ్యడం! కథలో రాస్తే నమ్మరు.

ఇటు హైదరాబాదులో 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి వచ్చింది. అదే తరువాత నిమ్స్ అయింది. నల్లగొండ బస్సుల్లో నడుము విరిగినవాణ్ణి పడుకోబెట్టి తీసుకుపోయి, కొన్ని నెలల తరువాత కూర్చోబెట్టి తెచ్చుకునే రోజులొచ్చాయి. బతికిన మనుషులు పెరిగారు. పెరిగేసరికి, అంతకుముందు ఎవరూ చూడని రెండో అధ్యాయం ఒకటి బయటపడింది.

ఆ రెండో అధ్యాయాన్ని మా వాడకట్టులోనే నేను చూశాను. ఆయన గీతకార్మికుడు. చెట్టుమీదినుంచి పడి పద్నాలుగేళ్ళయింది. నడుము కింద కదలిక లేదు. చేత్తో తిప్పే మూడుచక్రాల బండి, ఇంటిముందు చిన్న కిరాణా డబ్బా. బెల్లం, బీడీలు, అగ్గిపెట్టెలు, పిల్లలకు బిస్కెట్లు. చేతులు మటుకు ఇనప కడ్డీల్లా ఉండేవి. బియ్యం బస్తా కూర్చున్నచోటినుంచే లాగేవాడు. ఒకనాడు చిల్లర ఇస్తూ నాణేలు జారవిడిచాడు, ఒకసారి కాదు, రెండుసార్లు.

“ఏంది మామా, ఇయ్యాల చెయ్యి నిలుస్తలేదు?” అన్నాను.

“ఏం చెప్పాలె సారూ! దసరా ముందటినుంచి ఈ ఎడమచెయ్యి జివ్వుజివ్వుమంటున్నది. తిమ్మిరెక్కి దిగనట్టే ఉంటది. దగ్గితే మెడకాడ గుంజుతది.”

“ఎవరికన్న చూపెట్టినవా?”

“చూపెట్టిన. బలం తగ్గిందని సూదులేసిండు. అందరు ఒక్కతీరే చెప్పవట్టిరి, నడుము ఇరిగినోనికి తిమ్మిర్లు రాక ఏమొస్తయి అని. పాతదే గద అని నేను గూడ ఊకున్న.”

అప్పుడే అత్తమ్మ లోపలినుంచి వచ్చింది. “పాతది కాదు సారూ. నిన్న పొద్దుగాల చాయ్ గ్లాసు నేను కొంగు పెట్టి పట్టుకొచ్చిస్తె, ఈన వట్టి చేత్తోటి పట్టుకొని కూసున్నడు. వేడి తెలుస్తలేదంట. తట్టితె తెలుస్తదంట, కాలితె తెల్వదంట. గిదేం జబ్బో మీరే చెప్పాలె” అంది.

చదువుకున్న డాక్టర్లు పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసిన లక్షణాన్ని అత్తమ్మ ఒక చాయ్ గ్లాసుతో చెప్పేసింది. తట్టితే తెలుస్తుంది, కాలితే తెలియదు. స్పర్శ కబురు ఒక దారిన పోతుంది, నొప్పి, వేడి కబుర్లు వెన్నుపాము మధ్యనుంచి అడ్డంగా దాటి ఇంకో దారిన పోతాయి. మధ్యలో ఏదైనా పుట్టి పెరిగితే ముందు తెగేది ఆ దాటే దారే. అంటే మామ వెన్నుపాము మధ్యలో ఏదో పెరుగుతూ ఉందన్నమాట. పైగా ఆయన దెబ్బ నడుము దగ్గరిది. చేతుల నరాలు మెడ దగ్గరివి. ఇందాక గుర్తుంచుకోమన్నది ఇందుకే. నడుము దెబ్బ పద్నాలుగేళ్ళ తరువాత మెడకెలా వచ్చింది? ఆయన చెట్టెక్కడం మానేశాడు గాని, ఏదో ఆయన వెన్నెక్కుతూ ఉంది.

ఆ ఎక్కేదానికి పేరు 1827లో పడింది. ఫ్రాన్సులో ఒలివియే అనే వైద్యుడు వెన్నుపాము మధ్యలో గొట్టంలాగా ఏర్పడ్డ బోలును చూసి, గ్రీకు భాషలో పిల్లనగ్రోవికి ఉన్న సిరింక్స్ అనే మాటను తీసుకుని సిరింగోమైలియా అన్నాడు. పేరు మధురంగానే ఉంది గాని, ఈ పిల్లనగ్రోవిలో ఊదేది గాలి కాదు, నీరు. నొప్పి తెలియక చేతులు కాలి, పుండ్లు పడి, వేళ్ళు కొక్కేల్లా వంగిన ఈ రోగుల్ని చూసి, ఆ శతాబ్దం చివర వైద్యులు ఇది కుష్ఠేమోనని తికమకపడ్డారు కూడా.

అయితే పాతదెబ్బకూ కొత్తబోలుకూ ఉన్న సంబంధం గట్టిగా తేలింది 1966లో. కెనడాలో టొరంటోలో వెన్నుదెబ్బ తిన్నవాళ్ళను ఏళ్ళతరబడి కనిపెట్టి చూస్తూ వచ్చిన హెన్రీ బార్నెట్, ఆయన సహచరులు ‘బ్రెయిన్’ అనే పత్రికలో రాశారు: దెబ్బ తగిలి, కుదుటపడి, స్థిరపడిపోయాడనుకున్న మనిషికి కొన్నేళ్ళ తరువాత నొప్పీ, తిమ్మిరీ, బలహీనతా పైపైకి ఎక్కుతూ రావచ్చు, లోపల నీటిబోలు పెరగడమే కారణం అని. ఈ బార్నెట్టే తరువాత పక్షవాతానికి ఆస్పిరిన్ పనికొస్తుందని చూపించినవాళ్ళలో ముఖ్యుడు. ఆలోచించండి. గుట్‌మన్ మనుషుల్ని బతికించకపోయి ఉంటే బార్నెట్‌కు చూడడానికి మనుషులే ఉండేవారు కాదు. కొన్ని జబ్బులు మనిషి బతికినందుకే బయటపడతాయి.

ఈ బోలు ఎందుకు పెరుగుతుందో కాలువ గట్టున పెరిగినవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. వెన్నుపాము చుట్టూ తేటనీరు ఒకటి సదా పైకీ కిందికీ పారుతూ ఉంటుంది. దెబ్బ తగిలినచోట మచ్చ కట్టి, పొరలు అతుక్కుపోతాయి. కాలువలో పూడిక పడ్డట్టే. పూడిక పడితే నీళ్ళు ఊరుకుంటాయా? కట్టలోకి ఊరతాయి, మెత్తటిచోట గుంట చేస్తాయి. ఇక్కడా అంతే. దెబ్బతిన్న వెన్నుపాములో చేరిన నీరు గుంట చేస్తుంది. మనిషి దగ్గినా, తుమ్మినా, ముక్కినా, చేతుల మీద బరువేసి ఒళ్ళు లేపినా ఒత్తిడికి ఆ గుంట పైకి సాగుతుంది. కొందరికి నెలల్లో, కొందరికి ముప్పై ఏళ్ళకు. వెన్నుదెబ్బ తిన్నవాళ్ళలో ఇలా బాధపడేది వందకు ముగ్గురో నలుగురో. పెద్ద సంఖ్య కాదు గాని, ఆ ముగ్గురికీ మిగిలి ఉన్నవి చేతులే కదా.

అలాగని చేతికి తిమ్మిరెక్కిన ప్రతివాడికీ వెన్నులో పిల్లనగ్రోవి ఉందనుకోకూడదు. అంతకంటే మామూలు దొంగ ఒకడు మణికట్టులో ఉంటాడు. మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందులోంచి తొమ్మిది కండరపు తాళ్ళు, వాటితోపాటు ఒక నరం అరచేతిలోకి పోతాయి. కాళ్ళు లేనివాడికి అరచెయ్యే పాదం. బండి తిప్పినా, మంచంమీదినుంచి కుర్చీలోకి మారినా, నేలమీద దేకినా ఒంటి బరువంతా ఆ సందుమీదే. అక్కడి నరం నలుగుతుంది. చక్రాల కుర్చీలో ఏళ్ళు గడిపినవాళ్ళను పరీక్షిస్తే ఇంచుమించు సగం మందిలో ఈ నలుగుడు కనిపిస్తుందని చెబుతారు. దీని గుర్తు ఏమిటంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి, రాత్రిళ్ళు ఎక్కువ, చెయ్యి విదిలిస్తే కాస్త హాయి. చిటికెనవేలు వైపు అయితే మోచేతి దగ్గరి నరాన్ని అనుమానించాలి. షుగరు జబ్బు ఉందేమో, రక్తంలో బి12 తగ్గిందేమో చూడాలి. ఇవన్నీ ముందే పట్టుకుంటే మాటవినే జబ్బులు.

ఇక మా పాత నల్లగొండ జిల్లావాళ్ళకు ఇంకొక అనుమానితుడు ఉన్నాడు. వాడు ఉండేది నీళ్ళలో. తెలుగునేలమీద నీటిలోని ఫ్లోరైడు చేసే అపకారం మొదట మనుషుల్లో కాక పశువుల్లో కనబడిందని చెబుతారు. ఎద్దులు కాడి మొయ్యలేక కుంటుతున్నాయని రైతులే ముందు గమనించారు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతం మనుషుల్లో ఈ జబ్బును వివరంగా రాశారు. మన నల్లగొండ సంగతి సిద్దిఖీ అనే డాక్టరు 1955 డిసెంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో అచ్చువేశాడు. చిత్రం చూడండి, సరిగ్గా ఆ నెల 10వ తేదీనే నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. జిల్లా నీటి జబ్బు, జిల్లాకు రావలసిన నీరు, రెండూ ఒకే నెలలో చరిత్రకెక్కాయి. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కాలువ కింది మా నేరేడుచర్ల వైపు పొలాలు తడిశాయి. ఎగువన మునుగోడు, మర్రిగూడ, చండూరు ఊళ్ళు మాత్రం బోరునీళ్ళతోనే దశాబ్దాలు గడిపాయి. పటికా సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే ఒక పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970లలో తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఊరి పేరు అలా లోకమంతా పాకింది. సంతోషించాలో ఏడవాలో తెలియదు.

ఫ్లోరైడుకూ చేతి తిమ్మిరికీ సంబంధమేమిటంటారా? ఏళ్ళతరబడి ఆ నీరు తాగితే ఎముక లావెక్కుతుంది, పూసలను కట్టి ఉంచే నరపట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపాము ఉన్న గొట్టం ఇరుకైపోతుంది. మెడ దగ్గర నొక్కుకుంటే చేతుల్లో తిమ్మిరి, కాళ్ళలో బిగుసు. అలాంటి మనిషి జారి కూర్చున్నా చాలు, ఇరుకులో ఉన్న వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోవచ్చు. ఈ విషయాన్ని ఏళ్ళతరబడి పరిశీలించి ప్రపంచానికి రాసినవాడు హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి. ఆయన పాత నాణేల పండితుడు కూడా. తుప్పు కింద దాగిన అక్షరం చదివినట్టే, లావెక్కిన ఎముక కింద నలిగిన నరాన్నీ చదివాడాయన.

సరే, మామ సంగతికి వద్దాం. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఎంఆర్‌ఐ తీశారు. 1970లలో పుట్టి, కనిపెట్టినవాళ్ళలో ఇద్దరికి 2003లో నోబెల్ బహుమతి తెచ్చిన యంత్రం అది. అంతకుముందు ఇలాంటిది తెలుసుకోవాలంటే వెన్నులోకి సూదితో రంగుమందు ఎక్కించి ఫోటో తియ్యాల్సి వచ్చేది. ఇప్పుడు గొట్టంలో పడుకోబెడితే చాలు. పాతదెబ్బ దగ్గరినుంచి మెడదాకా నీటిగీత ఒకటి తెల్లగా కనిపించింది. ఆపరేషన్ చేసి, అతుక్కున్న పొరలు విడదీసి, నీరు తప్పుకునే దారి చేశారు. డాక్టరుగారు ముందే చెప్పారు: పోయింది పూర్తిగా తిరిగొస్తుందని మాట ఇవ్వను, ఉన్నది పోకుండా చూస్తాను అని. అట్లాగే జరిగింది. ఎడమచేతి వేళ్ళకు వేడి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కాని తిమ్మిరి అంతటితో ఆగింది, కుడిచేతికి పాకలేదు. డబ్బా నడుస్తూనే ఉంది. చిల్లర జారడం లేదు.

ఇక్కడ నాకు తోచిన మాట ఒకటి ఉంది. మన ఊళ్ళలో జబ్బుమనిషికి ఒకసారి పేరు పడితే ఇక ఆ పేరే. నడుము విరిగినవాడికి తలనొప్పి వచ్చినా నడుము వల్లే, జ్వరం వచ్చినా నడుము వల్లే. ఆయనే నమ్మేస్తాడు. ఇంటివాళ్ళను మళ్ళీ ఖర్చులో దింపడం ఇష్టంలేక నమ్మినట్టు నటిస్తాడు కూడా. ఒక వైద్యుడు సూది వేసి పంపిస్తే అక్కడికి సరి. పాతదెబ్బ కొత్తకబురును మింగేస్తుంది.

కాని నిలిచిపోయిన దెబ్బకు ఒక ధర్మం ఉంది. అది నిలిచే ఉండాలి. పడ్డ ఏడాదికి ఎలా ఉన్నాడో పదో ఏటా అలాగే ఉండాలి. అంతకుముందు లేని తిమ్మిరి, చేతుల్లో కొత్త బలహీనత, దగ్గితే తుమ్మితే మెడకో భుజానికో పాకే నొప్పి, వేడీ చలీ తెలియకపోవడం, ఒకవైపే చెమట పట్టడం, కాళ్ళ బిగుసు ఉన్నట్టుండి ఎక్కువవడం — వీటిలో ఏది వచ్చినా అది పాతది కాదు, వెన్ను పంపిన కొత్త ఉత్తరం. విప్పి చదవాలి. చదివించుకోవలసింది నరాల డాక్టరు దగ్గర. మణికట్టుది అయితే అరచేతికి మెత్త, రాత్రికి పట్టీ, బండి తోసే పద్ధతిలో మార్పు, చివరికి చిన్న ఆపరేషన్. వెన్నుది అయితే ఎంఆర్‌ఐ. నీటిది అయితే నీళ్ళు మార్చడంతో మొదలుపెట్టాలి. దారులు వేరైనా, అన్నిటికీ తొందరగా వెళ్ళడం ఒక్కటే మందు. నరం పోయాక తెచ్చేవాడు ఇంకా పుట్టలేదు.

ఈజిప్టు వైద్యుడు చేతులెత్తేసిన చోటునుంచి గుట్‌మన్, మేరీ వర్గీస్, బార్నెట్ ఇంతదూరం తోసుకొచ్చారు. మిగిలిన దూరం పెద్దది కాదు. మా వాడకట్టు గడపనుంచి ఆసుపత్రి గడపదాకా. ఆ దూరం దాటించింది ఏ పండితుడూ కాదు, చీరకొంగుతో చాయ్ గ్లాసు పట్టుకుని, ఈయనకు కాలడం లేదేమిటని అనుమానపడ్డ అత్తమ్మ. కాబట్టి మీ ఇంట్లోనో పక్కింట్లోనో చేతుల మీద బతికే మనిషి ఎవరన్నా ఉంటే, ఈసారి చాయ్ ఇచ్చేటప్పుడు ఆ చేతులవైపు ఒక్కసారి చూడండి. అడగండి కూడా. తన చెయ్యి కాలుతున్నట్టు ఆ మనిషికి తెలియకపోవచ్చు. ఆకులు ముందే పట్టుకోవలసింది పక్కనున్న మనమే.